కొంగజపం చేసేది కొంగలు కాదు

ఫాల్గుణం ముగిసి చైత్రం అడుగుపెట్టే వేళకి బరంపురంలో రెండు రకాల వన్యప్రాణులు రోడ్డెక్కుతాయి.

మొదటివి పులులు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి విడిచి పుట్టింటికి, అంటే నేతపనివారి దేశీ బెహరా వీధికి వస్తుంది. అప్పుడు మొక్కున్నవాళ్ళు ఒంటినిండా పసుపురంగు పూసుకుని, నల్లచారలు దిద్దుకుని, తోక కట్టుకుని, డప్పుల దరువుకి వీధుల్లో గంతులేస్తారు. అవి నిజాయితీగల పులులు. మొక్కు తీరగానే రంగు కడిగేసుకుని మర్నాడు మగ్గం ముందో, కొట్లో గల్లాపెట్టె ముందో కూర్చుంటాయి. అడవిని మేమే కాపాడుతున్నామని ఎవరితోనూ చెప్పవు.

రెండో రకం ప్రకృతి ప్రేమికులు. వీళ్ళకి రెండేళ్ళ గడువు లేదు, ప్రతి మార్చిలోనూ వస్తారు. ఆకుపచ్చ టోపీ, లెక్కలేనన్ని జేబుల చొక్కా, మెడలో దుర్భిణీ, చేతిలో నీళ్ళ సీసా. పొద్దున్నే ఊరి చెరువు గట్టు మీద గుంపుగా దిగుతారు. కొమ్మ మీద ఏదైనా కదిలితే ‘ష్, మాట్లాడకండి’ అని ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఆ అరుపుకి కదిలింది కాస్తా ఎగిరిపోతుంది. ఎగిరిపోయినదాన్ని జాబితాలో రాసుకుంటారు. దీని పేరు వసంతకాల వన్యప్రాణి వీక్షణ నడక. పులులకి ఉన్నట్టు వీళ్ళకి మర్నాడు రంగు కడుక్కునే ఆచారం లేదు. టోపీ ఫొటో వాట్సాప్‌లో మళ్ళీ మార్చిదాకా అలాగే ఉంటుంది.

ఇది ఏ సంస్థవారి నడక అని ఆరా తీయకండి. ఏ ఒక్కరిదీ కాదు. మా బరంపురం చెరువు గట్టుకి ఎంత సరిపోతుందో విశాఖ ముడసర్లోవకీ, హైదరాబాదు చెరువులకీ అంతే సరిపోతుంది. ఎవరికైనా తమ గురించే రాశారనిపిస్తే టోపీ వాళ్ళ తలమీద ఉందో లేదో తడిమి చూసుకోవాలి.

గట్టు మొదట్లో ఫ్లెక్సీ ఉంటుంది. కుడివైపు ముఖ్య అతిథి, ఎడమవైపు విశిష్ట అతిథి, కింద బంతి కట్టినట్టు సౌజన్యమూర్తులు. మిగిలిన జానెడు జాగాలో ఒక పక్షి. అది మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో తప్ప పుట్టని మకావ్ చిలుక. చెరువులో ఉన్న కొంగ బొమ్మే వెయ్యొచ్చు కదా అంటే ‘కొంగ ఏం బాగుంటుంది సార్, కలరుండదు’ అంటాడు ఫ్లెక్సీ కుర్రాడు. తప్పు వాడిది కాదు. వాడు ఎప్పుడూ అతిథులనే చూశాడు, కొంగని చూసిన పాపాన పోలేదు. చూడటానికి వచ్చినవాళ్ళ సంగతీ అంతే కనక గొడవ లేదు.

పక్షులు అయిదున్నరకే పనిలోకి దిగుతాయి. అతిథి ఎనిమిదిన్నరకి దిగుతాడు. ఈ మూడు గంటల తేడాలోనే ఊరి వన్యప్రాణి విధానమంతా ఉంది.

అసలు ఈ తంతు మార్చిలోనే ఎందుకు? వసంతం కదా అంటారు అమాయకులు. మార్చి 3 ప్రపంచ వన్యప్రాణి దినం. 20 పిచ్చుకల దినం. 21 అడవుల దినం. 22 నీటి దినం. 31 ఖర్చుకాని నిధులు వెనక్కి పోయే దినం. మొదటి నాలుగింటికీ బ్యానర్లు కడతారు. అయిదోదాన్ని బ్యానరు లేకుండానే, మిగతా నాలుగింటికీ కలిపి చూపనంత భక్తితో పాటిస్తారు.

పక్షులకి ఆర్థిక సంవత్సరం లేదు. ఉత్తరాన చలి ముదిరేసరికి అక్టోబరులో చిలికాకి దిగుతాయి. జనవరిలో లెక్కపెడితే ఈమధ్య ఏళ్ళలో పదకొండు లక్షలు పైబడే తేలాయి. ఆ చిలికా దక్షిణపు కొస, రంభ వైపు, మన బరంపురం ఉన్న గంజాం జిల్లాలోదే. ఎండ చురుక్కుమనగానే వచ్చినదారినే తిరిగిపోతాయి. మార్చి మూడోవారానికి సగానికి సగం కాదు, చాలావరకు ఖాళీ. మనవాళ్ళు సరిగ్గా అప్పుడు ‘వలస పక్షులకు స్వాగతం’ అంటూ ద్వారం కడతారు. పెళ్ళివారు బస్సెక్కాక విడిదింటికి మామిడాకులు కట్టినట్టు.

పోనీ, వెళ్ళినవి వెళ్ళగా ఇక్కడే పుట్టి ఇక్కడే చచ్చేవైనా ఉన్నాయి కదా, వాటినైనా చూస్తారా? గుడ్డికొంగ ఉంది. చలికాలమంతా బురదరంగులో, గట్టుమీది మట్టిపెళ్ళలా పడి ఉంటుంది. ఫాల్గుణం వచ్చేసరికి దానికి పెళ్ళికళ వస్తుంది. వీపు మీద ముదురు ఎరుపు శాలువా కప్పినట్టు ఈకలు, మెడ మీద బంగారు గోధుమరంగు, తలవెనక పిలకలా పొడుగు వెంట్రుకలు. పైసా ఖర్చులేని వసంతోత్సవం అది. నడకలో వచ్చిన నలభైమందిలో ముప్పైతొమ్మిదిమంది దాన్ని దాటుకుంటూ వెళ్ళి ఫ్లెమింగో ఎక్కడ అని అడుగుతారు. నీటికాకి రాతి మీద రెక్కలు విప్పి నిలబడితే ‘పోజిచ్చింది, పోజిచ్చింది’ అని కెమెరాలు ఎత్తుతారు. అది పోజు కాదు నాయనా. బాతు ఈకలు తడవవు, దాని ఈకలు తడుస్తాయి. తడిస్తేనే బరువెక్కి లోతుకి మునిగి చేపని పట్టగలదు. పట్టాక ఎండలో ఆరేసుకోవాలి. పొద్దున్నే పనిచేసి బట్టలారేసుకుంటున్న కష్టజీవి అది. పని చెయ్యకుండా బట్టలు ప్రదర్శిస్తున్నది ఇటువైపు గట్టు మీద ఉన్నవాళ్ళు.

కొంగజపం అని ఒక మాట పడేసి తరతరాలుగా కొంగ పరువు తీశాం. ఒంటికాలి మీద కళ్ళు మూసుకున్నట్టు నిలబడి, చేప కనిపించగానే గుటుక్కుమనిపిస్తుందట, అందుకని దొంగజపమట. కొంగ ఏనాడైనా చేపల సంరక్షణ సమితికి అధ్యక్షుడిగా నిలబడిందా? మత్స్యదినోత్సవం నాడు మైకు పుచ్చుకుందా? ఆకలేసింది, నిలబడింది, తిన్నది. ఇందులో దాపరికం ఎక్కడుంది?

దాపరికం చూడాలంటే చెరువుగట్టు చూడాలి.

చెరువుకి అందం ఎక్కడుంటుందన్న విషయంలో కొంగకీ కాంట్రాక్టరుకీ ఏనాడూ కుదరదు. కొంగకి కావలసింది వాలుగట్టు. జానెడు లోతు నీళ్ళు, బురద, తుంగ, జమ్ము, ఆ జమ్ములో నత్తలు, కప్పలు, తూనీగ పిల్లలు. కాళ్ళు పొడుగున్న పిట్టలన్నీ బతికేది ఆ నాలుగడుగుల అంచులోనే. చెరువు నడుమ ఎన్ని నీళ్ళున్నా వాటికి అక్కర్లేదు. కాంట్రాక్టరుకి కావలసింది నిటారు గోడ. గోడైతే కొలతకి నిలబడుతుంది, ఎం.బుక్కులోకి ఎక్కుతుంది, బిల్లు అవుతుంది. బురదకి రేటు లేదు. తుంగకి ఎస్టిమేట్ లేదు. అందుచేత సుందరీకరణ అనేసరికి చెరువు చుట్టూ రాయి పేర్చి, సిమెంటు పూసి, పైన టైల్స్ పరిచి, ఇనప కమ్మీలు బిగించి, రంగుదీపాలు వేలాడదీస్తారు. లోపల పడ్డ తాబేలు పైకి ఎక్కలేదు, పైనున్న కప్ప లోపలికి దిగలేదు. రాత్రి పదకొండుదాకా ఫౌంటెను పాటలు పాడుతుంది, కనక పిట్ట నిద్రపోలేదు.

ఇంత చేశాక చెరువులో జీవకళ తగ్గిందనిపిస్తుంది. అప్పుడు సిమెంటు జింక, సిమెంటు నెమలి, సిమెంటు కొంగ పెడతారు. వీటికి మాత్రం రేటుంది. సిమెంటు కొంగ తలమీద అసలు కొంగ వాలి కూర్చుంటే, వన్యప్రాణి నడకవాళ్ళు ఆ రెండూ కలిసి వచ్చేలా ఫొటో తీసి ‘మనిషి, ప్రకృతి చెట్టపట్టాలు’ అని పెడతారు. కూర్చోడానికి గట్టంతటిలో ఇంకెక్కడా చోటు లేక అది అక్కడ కూర్చుంది.

ఈ మాటంటే అధికారులు నియమాలు చూపిస్తారు. నిజమే, నియమాలున్నాయి. చిత్తడినేలల సంరక్షణకి కేంద్రం 2017లో చేసిన నియమాల్లో, తాగునీటికీ సాగునీటికీ విహారానికీ మనిషి తవ్వించిన చెరువులు చిత్తడినేలల కిందికి రావని ఉంది. కాబట్టి రాజులు తవ్వించిన చెరువు, దొరలు కట్టించిన జలాశయం, కార్పొరేషన్‌వారి కోనేరు, వీటిలో నీళ్ళున్నా, బురదున్నా, పక్షులున్నా, కాగితం మీద అది చిత్తడి కాదు. గెజెట్ చదవడం రాని బొల్లికోడి మాత్రం చిత్తడే అనుకుని గుడ్లు పెట్టేస్తుంది.

ఇక గుర్రపుడెక్క సంగతి. నడకలో ఒక పెద్దమనిషి ఆ ఊదాపూలని చూసి ఎంత పచ్చగా ఉందో అని మురిసిపోతాడు. దక్షిణ అమెరికా నుంచి పూల అందం కోసమే ఎవరో తెచ్చిపెట్టిన మొక్క అది. ఇక్కడి మురుగు రుచి మరిగి ఇక్కడే కాపురం పెట్టింది. ఇళ్ళ నుంచి వచ్చే నత్రజని, భాస్వరం ఎంత పోస్తే అంత తాగి, కొద్దివారాల్లోనే రెట్టింపవుతుంది. నీటికి వెలుతురు తగలనివ్వదు, కింద చేపకి ఊపిరాడనివ్వదు. ఏటేటా డెక్క తీయించడానికి టెండరు, తీసిన డెక్క గట్టుమీదే కుళ్ళి మళ్ళీ నీళ్ళలోకి, మళ్ళీ ఏడు మళ్ళీ టెండరు. మురుగు ఆపితే డెక్క దానంతటదే తగ్గుతుంది. కానీ మురుగు ఆపితే మళ్ళీ ఏడు టెండరేదీ?

మైకు సరిచేశాక ప్రసంగాలు. ప్రకృతి మన తల్లి అంటాడు ముఖ్య అతిథి. ఆ ‘హలో, హలో, మైక్ టెస్టింగ్’కే రావిచెట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి, తల్లి మాత్రం కదల్లేక అక్కడే ఉంది. తర్వాత టిఫిను. ఇడ్లీ, బరా, ఘుగుని. బరంపురం ఈ విషయంలో ఎప్పుడూ మాట పడలేదు. ప్లేటు పట్టుకుని అతిథి నవ్వుతుండగా పైనుంచి గద్ద వచ్చి బరా ఎత్తుకుపోతుంది. నడక మొత్తంలో అందరూ నిజంగా దగ్గర్నుంచి చూసిన వన్యప్రాణి అదొక్కటే. దాన్ని జాబితాలో రాయరు.

పిట్టలని లెక్కపెట్టడం తప్పని నేననను. పొద్దున్నే ఒంటరిగా వెళ్ళి, నోరు మూసుకుని, చూసినవి చూసినట్టు రాసుకుని, ఏటేటా ఆ లెక్క ఇ-బర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైటులోకి ఎక్కించే కుర్రాళ్ళున్నారు. ఏ పక్షి ఎక్కడ తగ్గిపోతోందో దేశానికి తెలుస్తున్నది వాళ్ళ వల్లనే. వాళ్ళకి ఫ్లెక్సీ ఉండదు. ఈ నడకకి వాళ్ళని పిలిస్తే కూడా రారు.

అసలు వసంతం వచ్చిందంటే గంజాంలో వన్యప్రాణుల కోసం బరంపురం చెరువు చుట్టూ తిరగడమే పెద్ద వింత. రుషికుల్య సముద్రంలో కలిసే చోట, ఫిబ్రవరి మార్చి నెలల్లో, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డెక్కుతాయి. 2025లో కొద్దిరోజుల్లోనే దాదాపు ఏడు లక్షలు ఎక్కాయి. కొన్నేళ్ళు అసలు రావు, ఎందుకు రాలేదో సంజాయిషీ కూడా ఇవ్వవు. వచ్చిన ఏడు ఇసుక కనపడదు. ఒక్కొక్కటి వందకి పైగా గుడ్లు పెట్టి, ఒళ్ళంతా ఊపుతూ ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా పోతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని 1994లో కనుగొన్నారని పుస్తకాల్లో ఉంది. అంతకు ముందు ఆ ఒడ్డునే ఇళ్ళు వేసుకుని, ఆ తాబేళ్ళ మధ్యే పడవలు తోసుకున్న జాలర్లు ఏం కనుగొన్నారో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ జాలర్లలో చాలామంది మనవాళ్ళు. ఒరియావాళ్ళు నోలియాలంటారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఎప్పుడో తరలివచ్చి గోపాల్‌పూర్ నుంచి పైకి తీరమంతా స్థిరపడ్డారు, ఇంట్లో ఈనాటికీ తెలుగే. పొడంపేట వాళ్ళ ఊరిని సముద్రం కోసుకు తినేస్తే ఇళ్ళు వదిలి లోపలికి జరిగారు. తాబేళ్ళ కోసం వీళ్ళ వేట మీద ఆంక్ష నవంబరు 1 నుంచి మే 31 దాకా, నదీముఖం నుంచి ఇరవై కిలోమీటర్ల మేర. ట్రాలర్లు, ఇంజను పడవలు వలలు వెయ్యకూడదు. ఇది చాలక, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంకో నిషేధం. ఏడాదిలో ఏడున్నర నెలలు ఇలా పోయాయి. బదులుగా కుటుంబానికి కొద్దివేలు చేతిలో పెడతారు.

ఆంక్ష అక్కర్లేదని కాదు. తాబేలు నీళ్ళలో ఉంటుందే కానీ ఊపిరి పీల్చేది పైకొచ్చే. ట్రాలరు వలలో చిక్కి గంటసేపు పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ బిగించాలని చట్టం ఉంది. చేపా అందులోంచే పోతుందని ట్రాలరు యజమాని బిగించడు. రాత్రి దీపాలార్పుకుని ఆంక్షలోకి చొరబడే పెద్ద ట్రాలరు చిక్కడం అరుదు, ఒడ్డునే కనపడే చిన్న ఇంజను పడవ చిక్కడం తేలిక. చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు టీవీవాళ్ళు వెళ్ళేది కూడా ఆ చిన్న పడవవాడి గుమ్మానికే.

బరంపురం నుంచి నాలుగు కార్లలో ప్రకృతి ప్రేమికులు రాత్రి అక్కడికీ వెళతారు. టార్చిలు, ఫ్లాష్‌లు, తాబేలు పక్కన పిల్లని కూర్చోబెట్టి ఫొటో. ‘మీరంతా ఎంత అదృష్టవంతులు, ఇలాంటిచోట ఉంటున్నారు’ అని అక్కడి ముసలాయనని అభినందిస్తారు. ఆయన స్థానంలో ఎవరున్నా అడిగేది ఒకటే.

‘కూరమయ్య బాబూ అది. శ్రీకూర్మంలో దణ్ణం ఎట్టీ దేవుడే ఇక్కడ ఒడ్డెక్కినాడనుకుంటాం. దానికోసం మేం ఏడు నెల్లు ఇంజనాపీసినాం. మరి తవరేటి ఆపినారు?’

ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో చెప్పడానికి కొంచెం సమయం తీసుకుంటారు. ‘మేం... ప్లాస్టిక్ స్ట్రాలు వాడటం మానేశామండీ.’

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు కదా, దానం చేసిన అల్లుడు కనీసం ఆ ఇంట్లో భోంచేసినవాడు. ఈ దాతలకి ఆ ఇంటి గుమ్మం కూడా తెలియదు.

నలభై అయిదు, యాభై రోజులకి గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. అసలైన వసంతకాల నడక అప్పుడుంటుంది, అందులో నడిచేది వన్యప్రాణే. అరచేతిలో పట్టే పిల్ల తాబేలు, పుట్టిన మరుక్షణం, ఆకాశం అంచున ఎటు ఎక్కువ వెలుగుంటే అటు నడుస్తుంది. వేల ఏళ్ళుగా ఆ వెలుగు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు హోటళ్ళ మీదా, రోడ్ల మీదా, ఫ్యాక్టరీల మీదా ఉంది. కాబట్టి అవి మనవైపు నడిచొస్తాయి. అభివృద్ధి వెలుగులకి ఆకర్షితమై వస్తున్న మొట్టమొదటి నిజమైన పెట్టుబడిదారులు అవే, తెల్లారేసరికి కాకులకీ కుక్కలకీ లాభాంశంగా మిగులుతాయి. తీరంవెంట వల కట్టి, దారితప్పిన పిల్లలని బుట్టల్లో ఎత్తి నీళ్ళదాకా మోసుకెళ్ళేది ఆ పల్లెల కుర్రాళ్ళే, రుషికుల్య తాబేళ్ళ రక్షణ కమిటీవాళ్ళే. వాళ్ళకి మెడలో దుర్భిణీ లేదు. దూరపు కొండలు నునుపు అన్నారు, చూసేవాడికి. ఎక్కేవాడికి దుర్భిణీ అడ్డం.

భేట్నోయి అనే ఊరు కూడా ఈ జిల్లాలోదే. అస్కా, బుగూడ వైపు పొలాల్లో కృష్ణజింకలు గుంపులుగా మేస్తాయి, అడవిలో కాదు, రైతు పెసరచేలో. ఒకప్పుడు కరువుకాలంలో ఈ జింకలు ఊళ్ళోకి వచ్చాకే వాన పడిందని అక్కడి రైతుల నమ్మకం. అప్పటి నుంచీ కొట్టరు, తరమరు, పంట తింటే తిననిస్తారు. 2011లో జిల్లా మొత్తం రెండువేల పైచిలుకున్నవి 2021 లెక్కకి ఏడువేలు దాటాయి. వన్యప్రాణి చట్టం 1972లో వచ్చింది, చట్టానికి ముందే ఆ రైతులు చట్టం అమలు చేశారు. ఆంధ్రప్రదేశ్ అదే జింకని రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది. ప్రకటనకి పెసరచేను అక్కర్లేదు కదా. మనవాళ్ళు కారాపి, కిటికీ దించి, ‘ఆ రైతు కొంచెం పక్కకి తప్పుకుంటే ఫ్రేము బాగుంటుంది’ అంటారు. చేను ఆయనది, జింకని మేపుతున్నది ఆయన, ఫ్రేములో ఎక్కువైంది ఆయనే.

బిరుదుల గురించి కూడా చెప్పాలి, బిరుదొచ్చిన చెరువుకి గండం మొదలవుతుందని నా అనుమానం. ఛత్రపురం పక్కనే తంపరా సరస్సు 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో వెలిసింది. మూడువందల హెక్టార్లు, కనీసం అరవై రకాల పక్షులు, నలభైఆరు రకాల చేపలు, చుట్టూ ఊళ్ళకి చేపలు, నీళ్ళు. బిరుదు రాగానే అందరికీ గుర్తొచ్చేది పక్షి కాదు, బోటు షికారు. హైదరాబాదు శివార్లలో అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న హోదా ఇచ్చారు, దేశంలో అలాంటి గౌరవం పొందిన మొదటి నగర చెరువు అదేనన్నారు. ఆ తర్వాత అది ఎక్కువగా పేపర్లకెక్కింది ఆక్రమణలు, కూల్చివేతల పుణ్యమా అని. ఇందుకు భిన్నంగా, లండన్‌లో వాల్తంస్టో దగ్గర ఊరికి తాగునీళ్ళిచ్చే పది జలాశయాలున్నాయి. 2017లో గేట్లు తెరిచి జనాన్ని నడవనిచ్చారు. తెరిచేముందు వాళ్ళు వేసింది టైల్స్ కాదు, కొత్తగా జమ్ము పెంచారు. జమ్ముకి అక్కడ రేటుందేమో.

మన పెద్దలకి కూడా నీళ్ళంటే ఒకప్పుడు భయముండేది. 1866 నాటి కరువు ఈ జిల్లాని ఊడ్చిపెట్టాక, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాంకి రుషికుల్య కాలవలు తవ్వించారు, రసెల్‌కొండ దగ్గరా సొరడా దగ్గరా జలాశయాలు కట్టించారు. రసెల్‌కొండ ఇప్పుడు భంజనగర్. ఆకలి తీర్చడానికి కట్టినవి కాబట్టి వాటిచుట్టూ కమ్మీలు బిగించలేదు, అందుకే పిట్టలు ఇంకా నిలిచాయి. ఈనాటికీ బరంపురం తాగుతున్నది అదే రుషికుల్య నీళ్ళు, దక్షిణపూర్ నీళ్ళు. ఊరవతలి నది నుంచి పైపుల్లో శుభ్రమైన నీళ్ళు తెప్పించుకుంటాం, ఊరి మధ్య చెరువుకి ఊరి మురుగు ఇస్తాం. వాడకం చూస్తే చెరువు బకెట్టు, నది కుళాయి. నడకవాళ్ళకి మాత్రం చెరువు తల్లి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్ళో చెట్లు చాలావరకు కూలాయి. కొంగల గూళ్ళున్న రావి, మర్రి, చింత కూలాయి. తర్వాత నాటినవి త్వరగా పెరిగేవి, ఎండలో పచ్చగా కనిపించేవి. ఒక కొమ్మ మీద పదిగూళ్ళు పట్టే చెట్టు పెరగడానికి రెండు తరాలు పడుతుంది, ఎన్నికలు అయిదేళ్ళకోసారి వస్తాయి. చెట్టు సంగతి ఎవరిని అడగమంటారు?

ఇప్పుడు నడక దారి గురించి ఒక మాట. ఏ ఊళ్ళో అయినా సరే, ఈ నడక దారి గీసేటప్పుడు ఒక నైపుణ్యం కనిపిస్తుంది. చెరువు చుట్టూ అని పేరే కానీ చుట్టూ తిరగరు. ప్రధాన ద్వారం దగ్గర మొదలెట్టి, సిమెంటు జింకల మీదుగా, ఫౌంటెను దాకా వెళ్ళి, సరిగ్గా అక్కడ వెనక్కి తిరుగుతారు. ఎందుకని అవతలికి పోరు? దారి బాగుండదండీ అంటారు. దారి బాగానే ఉంటుంది. ఊళ్ళోంచి పెద్ద మురుగుకాలవ వచ్చి చెరువులో కలిసేది అక్కడే. నల్లటి నీళ్ళు, బుడగలు, సంచులు. అయినా ఆ మూల ఇంకా గోడ కట్టలేదు, బురద ఉంది, కాస్తో కూస్తో తుంగ ఉంది. కాబట్టి ఊరంతటిలో మిగిలిన గుడ్డికొంగలు, పెళ్ళికళతో సహా, అక్కడే మురుగులో నిలబడి ఉంటాయి. ఒడ్డున గుడిసెల పిల్లలకి వాటిలో ఏది ఎక్కడ గూడు కట్టిందో తెలుసు. వాళ్ళని ఎవరూ నడకకి పిలవలేదు, రిజిస్ట్రేషన్ ఫారం ఫోనులో నింపాలట.

ఒక విన్నపం. వచ్చే మార్చిలో నిధులు ఎలాగూ ఖర్చుపెట్టాలి కనక, నడక ఆ కాలవ దగ్గర మొదలుపెట్టండి. ముఖ్య అతిథిగారిని ముందు నడిపించండి. మైకు అక్కర్లేదు, అక్కడ ఎవరూ ఎక్కువసేపు ప్రసంగించరు. దుర్భిణీ కూడా అక్కర్లేదు, అన్నీ దగ్గర్లోనే కనిపిస్తాయి. రుమాలు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.